సైకిల్ దారికి రెండు కొలతలు

పటమటలో ఏ అపార్టుమెంటు సెల్లారులోకి దిగి చూసినా ఓ మూల గేరు సైకిలు ఒకటి కనిపిస్తుంది. లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, వెనక గేర్ల పళ్లు. అబ్బాయి పదో తరగతి పాసయ్యాడని కొన్నది. వాడు ఇంటర్లో చేరి హాస్టలుకి వెళ్లిపోయాడు. టైర్లలో గాలి దిగిపోయింది, సీటు మీద దుమ్ము పేరుకుంది, వాచ్‌మన్ తడి తువ్వాలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. దుకాణంలో దాన్ని ఎంటీబీ అని చెప్పి అమ్మారు. అంటే మౌంటెన్ బైక్, కొండదారుల్లో తొక్కడానికి చేసిన సైకిలు. పాపం, అది ఒక్క కొండనీ చూడలేదు.

కొండలు మనకి దూరమేమీ కాదు. కొండపల్లి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ములపాడు అడవి ఆ వైపే. ఇటు దిగువకి వస్తే బందరు కాలువ గట్టు, కృష్ణ కరకట్ట. చదును నేల దగ్గర్నుంచి ఘాట్ రోడ్డు దాకా అన్ని రకాల దారులూ ఒకే ఊరి చుట్టూ ఉండటం అన్నిచోట్లా దొరికే అదృష్టం కాదు. కార్తీకం నుంచి మాఘం దాకా మన దగ్గర ఉదయాలు చల్లగా ఉంటాయి. వనభోజనాలకి ఆ కొండల కిందికే కార్లేసుకుని వెళ్తాం. సైకిళ్ల మీదా వెళ్లొచ్చు. కాకపోతే ఏ దారికి ఎవరు వెళ్లాలి, ఎవరు ఆగాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ వారం చెప్పదలచుకున్నది అదే.

కొండ సైకిలు ఆట పుట్టింది 1970లలో, అమెరికాలోని కాలిఫోర్నియాలో, మౌంట్ టామల్‌పైస్ అనే కొండ మీద. పాత బరువు సైకిళ్లు వేసుకుని మట్టిదారుల్లో కిందికి దిగే కుర్రాళ్లు మొదలుపెట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి పతకాల ఆటైంది. ఇప్పుడు చాలా దేశాల్లో అడవి దారుల మొదట్లో రంగుల గుర్తులతో బోర్డులుంటాయి. ఆకుపచ్చ గుండ్రం అంటే కొత్తవాళ్లకి. నీలం చదరం అంటే కాస్త అలవాటున్నవాళ్లకి. నల్ల డైమండ్ అంటే చేయి తిరిగినవాళ్లకి. మంచు మీద జారే స్కీయింగ్ నుంచి అరువు తెచ్చుకున్న గుర్తులివి. మన దారులకి ఈ బోర్డులు లేవు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

అయితే వైద్యుడిగా నాకు ఆ రంగులు చాలవు. అవి చెప్పేది ముఖ్యంగా దారి ఎంత గరుకో, ఎంత నేర్పు కావాలో. మీ గుండె సంగతి ఆ బోర్డుకి తెలియదు. అందుకే ప్రతి దారికీ రెండు కొలతలు వేసుకోమంటాను. ఒకటి, ఆ దారి మీ ఊపిరినీ గుండెనీ ఎంత అడుగుతుంది. రెండు, మీ చేతుల్నీ చూపునీ నిబ్బరాన్నీ ఎంత అడుగుతుంది. మొదటిదాన్ని ఆయాసం కొలత అనుకుందాం, రెండోదాన్ని నేర్పు కొలత. ఈ రెండూ ఒక్కోసారి ఒకదానికొకటి పూర్తి విరుద్ధంగా ఉంటాయి. కొండపల్లి ఘాట్ రోడ్డునే తీసుకోండి. ఎక్కడానికి నేర్పుతో పెద్దగా పనిలేదు, ఆయాసం మాత్రం విపరీతం. వానపడ్డ మర్నాడు కాలువ గట్టు పక్కన బురదదారికి ఆయాసం లేదు, నేర్పు కావాలి.

ఇంట్లో మనుషులూ అంతే. నాన్నకి నలభై ఆరు. చిన్నప్పుడు పల్లెలో అడ్డతొక్కుడుతో నేర్చుకుని, హైస్కూలుకి రోజూ ఐదారు కిలోమీటర్లు చేలగట్ల మీద తొక్కినవాడే. ఆ నేర్పు శరీరం మరిచిపోదు. కానీ ఇరవై ఏళ్ల కుర్చీ ఉద్యోగం, కొంచెం పొట్ట, షుగరుకి రెండు మాత్రలు, బీపీకి ఒకటి. ఆయనకి నేర్పు ఉంది, ఆయాసానికి ఓర్పు లేదు. కొడుక్కి పదిహేను. వాడి గుండె ఏ కొండనైనా ఎక్కిస్తుంది. కానీ వాడు సైకిలు నేర్చుకున్నది సెల్లారులో, రెండు స్తంభాల మధ్య. గులకరాళ్ల మీద బ్రేకు ఎలా వేయాలో తెలియదు, భయమూ తెలియదు. ఈ ఇద్దరూ ఆదివారం ఒకే దారికి వెళ్తే, ఎక్కేటప్పుడు ప్రమాదం తండ్రికి, దిగేటప్పుడు ప్రమాదం కొడుక్కి.

ఇక దారుల్లోకి వెళ్దాం.

మొదటిది మన గుమ్మం ముందుదే. పటమటలంక మీదుగా బందరు కాలువ గట్టు పట్టుకుంటే యనమలకుదురు లాకుల దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. రాను పోను పది కిలోమీటర్లకు మించదు. రెండు కొలతల్లోనూ ఇది ఆకుపచ్చే. శివరాత్రికి ప్రభలు కట్టే రామలింగేశ్వరస్వామి కొండని దూరం నుంచి చూసి తిరిగొచ్చేయొచ్చు. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద అటూ ఇటూ తిరగడం కూడా ఈ కోవలోకే వస్తుంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైన. భారీ వాహనాలు దాని మీదికి రావు. ఆరు దాటితే ఆటోలు, బైకులు కమ్ముకుంటాయి కాబట్టి ముందే వెళ్లాలి.

ఈ తేలిక దారిలో మీరు చేయాల్సిన పని సైకిలుని మీ ఒంటికి సరిచేసుకోవడం. నెల రోజులు దీనికే కేటాయించినా తప్పులేదు. మోకాళ్ల ముందు భాగంలో నొప్పి అంటూ వచ్చే సైకిలు ప్రియుల్లో చాలామందికి రోగం మోకాలిలో ఉండదు, సీటు ఎత్తులో ఉంటుంది. పెడలు అట్టడుగుకి వచ్చినప్పుడు మోకాలు దాదాపు తిన్నగా, కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. మనవాళ్లు రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు కిందికి దించేస్తారు. అదే నొప్పికి మూలం. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే హ్యాండిల్ మీద బరువంతా అరచేతి అంచున మోపుతున్నారన్నమాట. అక్కడ ఒక నరం నలుగుతుంది. చేయి పట్టు మారుస్తూ ఉండండి, సీటు ముక్కు కిందికి వాలకుండా చూడండి. తిమ్మిరి రోజుల తరబడి పోకపోతే మాత్రం చూపించుకోవాలి.

పిల్లల విషయంలో ఇంకో మాట. బూట్లు కొన్నట్టే సైకిలునీ ‘ఎదిగే పిల్లాడు కదా’ అని రెండేళ్లు ముందుకి చూసి పెద్దది కొంటాం. చాలా ప్రమాదం. సైకిలుకి అటూ ఇటూ కాళ్లు వేసి నేల మీద నిలబడినప్పుడు కాళ్ల మధ్య గొట్టానికీ ఒంటికీ నడుమ నాలుగు వేళ్ల సందు ఉండాలి. బ్రేకు పిడిని వేళ్లతో సుఖంగా అందుకోగలగాలి. అందకపోతే అది వాడి సైకిలు కాదు.

రెండో దారి కరకట్ట. యనమలకుదురు దాటి పెదపులిపాక, చోడవరం మీదుగా తోట్లవల్లూరు వైపు వెళ్లే కట్ట మీద ఒక పక్క కృష్ణమ్మ, లంకలు, ఇంకో పక్క అరటి, చెరకు, పసుపు, కంద. పొగమంచు ఉన్న ఉదయాన ఆ అందం చెప్పనలవి కాదు. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి తేలికనిపిస్తుంది. అదే చిక్కు. చదును దారిలో దూరం తెలియదు. వెళ్లేటప్పుడు వెనకనుంచి తోసిన గాలి, తిరిగొచ్చేటప్పుడు ఎదురవుతుంది. పదిహేను కిలోమీటర్లు హుషారుగా వెళ్లిపోయినవాళ్లకి మరో పదిహేను వెనక్కి తొక్కాలన్న సంగతి ఎండెక్కాక గుర్తొస్తుంది. కాబట్టి ఇది నేర్పులో ఆకుపచ్చ, గుంతలూ ఇసుకా పేరుకున్న చోట నీలం. ఆయాసంలో మాత్రం ఖాయంగా నీలం. ఒళ్లు ఇంకా బాగున్నప్పుడే వెనక్కి తిరగాలి. అలసిపోయాక తిరిగితే ఆలస్యమైనట్టే. ఇసుక లారీల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. లారీ కనపడితే పోటీ పడకుండా దిగి పక్కకి నిలబడండి. చక్రం ఇసుకలో దిగితే హ్యాండిల్ బిగించి పట్టుకోవద్దు. కాస్త వదులుగా పట్టుకుని, తిన్నగా చూస్తూ తొక్కుతూనే ఉండాలి.

షుగరున్నవాళ్లు ఈ దారికే ఎక్కువ జాగ్రత్త పడాలి. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఈ పేజీ చదివే ఇళ్లలో చాలావాటికి ఇది వర్తిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగరు పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి మాత్రం గంటన్నర తొక్కితే పడిపోవచ్చు. తొక్కుతున్నప్పుడే పడాలని లేదు, ఆ రాత్రి నిద్రలో కూడా పడొచ్చు. బయలుదేరే ముందు పరీక్ష చేసుకోండి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని బయలుదేరాలి. 250 పైన ఉండి ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజు మానేయాలి. తొక్కే ముందు ఇన్సులిన్ తొడకి చేసుకోవద్దు. పనిచేసే కండలోకి మందు వేగంగా ఎక్కేస్తుంది. పొట్టకి చేసుకోండి. జేబులో గ్లూకోజ్ పొట్లం తప్పనిసరి. వణుకు, చెమట, తికమక మొదలైతే మూడు చెంచాల చక్కెరకి సమానంగా తీసుకుని, పావుగంట కూర్చుని, మళ్లీ చూసుకోవాలి. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడేవాళ్లకి వణుకూ గుండెదడా తెలియకపోవచ్చు. చెమట ఒక్కటే గుర్తు. చెమట ఎలాగూ పడుతుంది కదా అని కొట్టిపారేయకండి. మాత్రల మోతాదు మీరే తగ్గించుకోకుండా, వారానికి ఇన్ని రోజులు సైకిలు తొక్కుతానని మీ డాక్టరుకి చెప్పండి. ఆయన సరిచేస్తారు.

నీళ్ల విషయం. గంటలోపు అయితే మంచినీళ్లు చాలు. ఆ రంగు రంగుల సీసాల్లో ఉండేది ఎక్కువగా చక్కెరే. రెండు గంటలైతే ఉప్పేసిన పల్చటి మజ్జిగ బాగా పనిచేస్తుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోవాలి. మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త షుగరు మాత్రలు వాడేవాళ్లు మామూలు కంటే త్వరగా నీరసపడతారు. మార్చి దాటాక మన ఊరి ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అప్పుడు ఉదయం ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. తొక్కుతున్న మనిషి తడబడుతూ మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బే అనుకోండి. నీడకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్లకి నోట్లో నీళ్లు పోయకూడదు.

మూడోది ములపాడు. ఇబ్రహీంపట్నం దాటాక హైదరాబాద్ రోడ్డు పక్కన సీతాకోకచిలుకల పార్కు ఉన్న అడవి. కొండపల్లి రిజర్వు అడవిలో భాగం. ఇక్కడి మట్టిబాటల్లో రాళ్లు, వేళ్లు, వాన కోసేసిన గాడులు ఉంటాయి. మీ సెల్లారు సైకిలు అసలు పుట్టింది ఇలాంటి బాటకోసమే. ఆయాసంలో నీలం, నేర్పులో నీలం దాటి నలుపు వైపు పోతుంది. ముందుగా అటవీ శాఖవాళ్లని అడగాలి. రిజర్వు అడవిలోకి ఇష్టారాజ్యంగా చొరబడటం చట్టానికి విరుద్ధం, అడవికీ మంచిది కాదు. ఎంతవరకు వెళ్లనిస్తారో అంతవరకే.

గరుకు బాటలో సీటుకి అతుక్కుని కూర్చుంటే ప్రతి రాయీ వెన్నుకి తగులుతుంది. రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో పెట్టి, సీటు మీంచి కాస్త లేచి, మోకాళ్లూ మోచేతులూ వదులుగా ఉంచితే కాళ్లే స్ప్రింగుల్లా పనిచేస్తాయి. చూపు ముందు చక్రం మీద కాకుండా నాలుగైదు మీటర్ల అవతల ఉండాలి. కళ్లు ఏ రాయిని చూస్తే చక్రం ఆ రాయి మీదికే పోతుంది, ఇది అనుభవం మీద ఎవరికైనా తెలుస్తుంది. టైర్లలో గాలి రోడ్డు మీద ఉన్నంత గట్టిగా అక్కర్లేదు. టైరు పక్కన అచ్చేసిన హద్దుల్లో తక్కువ వైపు ఉంచుకుంటే నేల పట్టు బాగుంటుంది.

ఈ బాటకి వెళ్లకూడనివాళ్లు కొందరున్నారు. ఇది సైకిలు దుకాణంలో ఎవరూ చెప్పరు. చాలా ఏళ్లుగా షుగరుండి, కంటి వెనక పొరలో కొత్త రక్తనాళాలు పుట్టినవాళ్లకి ఒళ్లు కుదిపే వ్యాయామం వల్ల కంట్లో రక్తస్రావం కావచ్చు. ఏడాదికోసారి చేయించుకోవాల్సిన రెటీనా పరీక్ష మీరు చేయించుకుని ఎంతకాలమైంది? ముందు అది చేయించుకోండి, తర్వాతే రాళ్లదారి. అరికాళ్లు మొద్దుబారినవాళ్లకి పెడలు మీద పాదం సరిగా ఉందో లేదో తెలియదు. బూట్లోకి దూరిన రాయి పుండు చేసినా తెలియదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి చిన్న దెబ్బ కూడా పెద్దదవుతుంది. వీళ్లందరికీ కాలువ గట్టు ఉంది. దానికి చిన్నబోవాల్సిందేమీ లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది రాళ్ల మీదే చేయాలని చెప్పలేదు.

పడటం గురించి కూడా మాట్లాడాలి. గరుకు దారిలో పడనివాళ్లు లేరు. హెల్మెట్ గడ్డం కింద బిగించి, నుదురు కప్పేలా పెట్టుకోవాలి. హ్యాండిల్‌కి తగిలిస్తే అది హ్యాండిల్‌నే కాపాడుతుంది. తలకి దెబ్బ తగిలాక క్షణమైనా స్పృహ తప్పినా, పదే పదే వాంతులైనా, మగతగా ఉన్నా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. ‘లేచి నడిచాడుగా, బాగానే ఉన్నాడు’ అనుకోవద్దు. కొన్ని గంటలు బాగానే ఉండి ఆ తర్వాత మగతలోకి జారేవాళ్లుంటారు. పడేటప్పుడు చేయి ఆనిస్తాం కాబట్టి మణికట్టు దెబ్బలు ఎక్కువ. బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే అక్కడి చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనపడకపోవడం మామూలే. పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీయించాలి. కట్టు కట్టేవాళ్ల దగ్గరికి పోయి లాగించుకుంటే ఆ ఎముకకి రక్తం అందక జీవితాంతం నొప్పి మిగలొచ్చు. మట్టిలో గీసుకున్న గాయాన్ని ధారగా నీళ్లతో కడిగి, టీటీ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తుచేసుకోండి. మురికి గాయమై, ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ కావాలి. రక్తపింజర, కట్లపాము, నాగుపాము మన పొలాల్లోనూ గుట్టల్లోనూ ఉన్నాయి. పాము కాటేస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, నోటితో పీల్చొద్దు. కాటుపడ్డ కాలు కదలకుండా ఉంచి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం.

నాలుగోది కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు. కింద పొణికి చెక్కతో బొమ్మలు చేసే ఊరు, పైన రెడ్డిరాజుల నాటి కోట. మామూలు దారి కాబట్టి ఎవరైనా ఎక్కేయొచ్చు అనిపిస్తుంది. ఇది ఆయాసంలో నలుపు. చదును దారిలో మీరు పోరాడేది గాలితో. ఎక్కుడులో మీ బరువుతో. 85 కిలోల మనిషి, 15 కిలోల సైకిలు కలిపితే 100 కిలోలు. ప్రతి మలుపులోనూ ఆ నూరు కిలోల్ని పైకి మోస్తున్నది మీ గుండె. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం పొద్దున్నే ఆ పని చెప్పడం న్యాయం కాదు.

ఎక్కేటప్పుడు వాచీలో గుండె వేగం చూసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. కొన్ని బీపీ మందులు ఆ వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి ఆ అంకె మోసం చేయొచ్చు. అంతకంటే నమ్మకమైనది నోరు. తొక్కుతూ పక్కనున్నవాళ్లతో ఒక పూర్తి వాక్యం చెప్పగలుగుతుంటే మీ హద్దులో ఉన్నారు. రెండు మాటలకోసారి గాలి పీలుస్తున్నారంటే దాటేశారు. దిగి నడిపించండి. సైకిలు నడిపించుకుంటూ ఘాట్ ఎక్కడం నామోషీ ఏమీ కాదు, అదీ వ్యాయామమే. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, ఎడమ చెయ్యి, దవడ లాగడం, చల్లటి చెమటలు వచ్చాయంటే గ్యాస్ అనుకుని సోడా తాగొద్దు. అక్కడే కూర్చుని 108ని పిలవాలి. షుగరున్నవాళ్లకి ఛాతీ నొప్పి రాకుండానే గుండెపోటు రావచ్చు. నిరుడు ఎక్కిన ఎత్తుకే ఈ ఏడు అంతకు రెట్టింపు ఆయాసం వస్తుంటే అదే నొప్పి అనుకోండి. ‘మొన్న ఈసీజీ తీయించాను, నార్మల్’ అని చాలామంది అంటారు. కదలకుండా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ, కదలకుండా పడుకున్నప్పటి సంగతే చెబుతుంది. నలభై దాటి షుగరు, బీపీ, పొగతాగే అలవాటు, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు, వీటిలో ఏదున్నా ఎక్కుడు దారికి ముందు ఒకసారి ఫిజీషియన్ని కలవాలి. అవసరమైతే నడిపించి చూసే పరీక్ష చేయిస్తారు.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. ఆయాసం సున్నా, నేర్పు నలుపు. ఆ కాలిఫోర్నియా కుర్రాళ్లు 1976లో మొదలుపెట్టిన పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. ఒక్కసారి కొండ దిగేసరికి వెనక బ్రేకులోని గ్రీజు వేడికి మాడిపోయేది, ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. బ్రేకులు ఇప్పుడు మారాయి, వేడి మారలేదు. పొడుగునా బ్రేకు నొక్కిపట్టి దిగితే అవి పట్టు కోల్పోతాయి. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. రెండు బ్రేకులూ కలిపి, వదిలి వదిలి వేయాలి. ముందుదొక్కటే గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీంచి ఎగిరి పడతారు. వెనకదొక్కటే వేస్తే చక్రం జారుతుంది. ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో పిల్లలకి ఇంటి దగ్గరే చూపించండి. నడుము సీటు వెనక్కి జరిపితే బరువు సర్దుకుంటుంది. ఎదురుగా వచ్చే కార్లు ఉంటాయి కాబట్టి ఎడమ పక్క దాటి పోకూడదు. దిగేటప్పుడు సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తే ఆ రోజుతో సైకిలు బంద్ అని ఇంట్లో నిబంధన పెట్టుకోవచ్చు.

అందుకే తండ్రీకొడుకులకి నేను చెప్పే వరస ఒకటే. ఎక్కేటప్పుడు నాన్న ముందు. ఆయన వేగమే అందరి వేగం, ఆయన ఆగితే అందరూ ఆగాలి. కొడుకు ముందు పోతే నాన్న ఊరుకోడు, వాణ్ని అందుకోవాలని తొక్కుతాడు. గుండె మీద దెబ్బ అక్కడే. దిగేటప్పుడు కూడా నాన్నే ముందు, కొడుకు ఆయన్ని దాటకూడదు. అప్పుడు ఆయన వేగం వాడికి కళ్లెం. అంటే కొండ మీద కుర్రాడెప్పుడూ వెనకే. ఇది విని మొహం మాడ్చుకునే పిల్లల్ని చూశాను. వాళ్లకి ములపాడు దగ్గర చదును మట్టినేల చూసి రాళ్లు దాటించే విద్య నేర్పండి, నాలుగు ఆదివారాల్లో మీకంటే బాగా చేస్తారు.

ఇంతవరకు అమ్మ ప్రస్తావన రాలేదని గమనించే ఉంటారు. మన ఇళ్లలో నాన్నా అబ్బాయీ సైకిళ్ల మీద వెళ్తారు, అమ్మ టిఫిన్ కట్టి పంపిస్తుంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదని, మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఈ లోటు ఎక్కువని 2024లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం చెప్పింది. ఇంటిపని చేస్తాంగా అంటారు. ఆ పనిలో నడుము విరుగుతుంది కానీ ఊపిరి పెరగదు. హైస్కూల్లో సైకిలు తొక్కి, పెళ్లయ్యాక మానేసిన తల్లులకి కాలువ గట్టు మీద రెండు వారాలు చాలు, పాత అలవాటు తిరిగొస్తుంది. చున్నీ వెనక చక్రంలో చుట్టుకోకుండా ముడేసుకోవడమో, ఇంటి దగ్గర వదిలేయడమో చేయాలి. చున్నీ చక్రానికి చిక్కి మెడకి బిగుసుకున్న ప్రమాదాలు చిన్నవి కావు. సైకిలు తొక్కడం ఎముకలకి పెద్దగా బలం ఇవ్వదు కాబట్టి నలభై దాటిన ఆడవాళ్లు దాంతోపాటు నడక, మెట్లెక్కడం కూడా కొనసాగించాలి.

ఇక అడగాల్సినవాళ్లని అడగాల్సిన మాట. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. మన ఊరికి అంత ఖర్చు అక్కర్లేదు. గట్లు, కరకట్ట, ఘాట్ రోడ్డు ఎప్పుడో వేసి ఉన్నాయి. కావలసింది ప్రతి దారి మొదట్లో ఒక బోర్డు. ఎంత దూరం, ఎన్ని మీటర్ల ఎక్కుడు, నేల ఎలాంటిది, దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఎక్కడ. జలవనరుల శాఖ, అటవీ శాఖ, నగరపాలక సంస్థ కూర్చుంటే ఒక్క నెల పని. ఆదివారాల్లో ఉదయం ఐదు నుంచి ఎనిమిది దాకా కరకట్ట మీద ఇసుక లారీల్ని ఆపితే పిల్లల్ని ధైర్యంగా పంపుతాం. కాలువ గట్ల మీద చెత్త పోయడం ఆపే బాధ్యత మాత్రం సగం మనదే. 2024 సెప్టెంబరు వరదల్లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరొచ్చినప్పుడు, కట్ట ఎంత విలువైనదో ఊరంతా చూసింది. వాన కాలంలో ఆ కట్టల మీదికి సైకిలు వేసుకుని వరద చూడటానికి వెళ్లడం సాహసం కాదు, తెలివితక్కువ.

బోర్డులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ వారంలో సైకిలుని సెల్లారు నుంచి పైకి తెచ్చి, దుకాణంలో రెండు బ్రేకు కట్టలూ మార్పించండి. ఏళ్ల తరబడి పడి ఉన్న సైకిలు బ్రేకు రబ్బరు బండబారి ఉంటుంది. గొలుసుకి నూనె, టైర్లకి గాలి. వారం మధ్యలో రెండు రోజులు అరగంట చొప్పున కాలువ గట్టు. మూడు నాలుగు వారాలు అలా తొక్కాక కరకట్ట. కొండపల్లి సంక్రాంతి తర్వాత. అక్కడికి కూడా సైకిలు మీద వెళ్లొద్దు. గొల్లపూడి నుంచి ఇబ్రహీంపట్నం దాకా హైవే మీద లారీల మధ్య తొక్కడం ఏ రంగు బోర్డుకీ అందని ప్రమాదం. ముందు చక్రం విప్పితే సైకిలు కారు వెనక సీట్లో పడుతుంది. సీటు మీద పాత దుప్పటి పరవండి, గొలుసు నూనె మరక పోదు.